ఏలీయా ప్రవక్త: గ్రంథము, గాథ, సంప్రదాయము

(1)

హెబ్రీ ప్రవక్తలలో పెక్కుమందికి వారి పేర గ్రంథములున్నవి. యెషయా, యిర్మీయా, ఆమోసు, హోషేయ మున్నగువారి వాక్కులు సంపుటములై నిలిచినవి. ఏలీయాకు అట్టి గ్రంథము లేదు. క్రీస్తుపూర్వము 9వ శతాబ్దమున, ఇశ్రాయేలు ఉత్తరరాజ్యమును అహాబు పాలించుచుండిన కాలమునకు చెందిన ఈ ప్రవక్త చరిత్ర రాజుల మొదటి గ్రంథము 17వ అధ్యాయమున ఆరంభమై, రెండవ గ్రంథము 2వ అధ్యాయమున ముగియుచున్నది. ఈ నడుమనైనను ఆతడు కనిపించునవి ఆరు అధ్యాయములు మాత్రమే. ఆతని తండ్రి పేరు చెప్పబడలేదు. జననము చెప్పబడలేదు. మరణము లేనే లేదు. అయినను యూదులు, క్రైస్తవులు, మహమ్మదీయులు ఈ మువ్వురి సంప్రదాయములందును, అంతకంటె మిక్కిలిగా పామరజనుల నోట, ఏలీయా పొందిన వ్యాప్తి గ్రంథకర్తలైన ప్రవక్తలలో పెక్కుమందికి దక్కలేదు.

ఈ వ్యాప్తిలో ఒక చిక్కు కలదు. గ్రంథమునందలి ఏలీయా భయంకరుడు. ఆతని మాటచే దేశమున మంచైనను కురియదు. ఆతని ఆజ్ఞచే బయలు ప్రవక్తలు నాలుగువందల ఏబదిమంది కీషోను వాగు దగ్గర వధింపబడిరి. తన్ను పిలువవచ్చిన సైనికులపై ఆతడు రెండుమారులు ఆకాశాగ్నిని రప్పించెను. యూదుల గాథలలోని ఏలీయాయో, బీదవాని గుడిసెకు బిచ్చగాని వేషమున వచ్చు అతిథి, దారితప్పినవానికి తోడు, తగవులాడినవారి నడుమ సంధికర్త. పేరొక్కటే గాని మనుష్యుడొక్కడేనా యని సందేహము కలుగును.

ఈ చిక్కునకు పండితులు సాధారణముగా రెండు సమాధానములు చెప్పుచుందురు. మొదటిది: చావులేనివాడు గనుక ఎప్పుడైనను ఎక్కడనైనను కనిపింపగలడు, కావున జనులు తమలో వ్యాపించియున్న అపరిచితాతిథి కథలన్నిటిని ఈ పేరునకు తగిలించిరి. రెండవది: ఆయా దేశములలోని పూర్వదేవతల లక్షణములు ఆతనికి సంక్రమించినవి. ఈ రెండింటను సత్యము లేకపోలేదు. కాని రెండును ఒక లోపమును పంచుకొనుచున్నవి. గాథకు గ్రంథముతో గల సంబంధమును ఇవి పేరుతోను, ఆకాశారోహణముతోను ముగించుచున్నవి. ఆ సంబంధము అంతకంటె గాఢమైనదనియు, గ్రంథము తెగ వ్రాయక విడిచిన ఒక ప్రశ్నను సంప్రదాయము చేపట్టి విచారించినదనియు నిరూపించుట ఈ వ్యాసోద్దేశము. ఆ ప్రశ్న యిది: దేవునికొరకు రోషము పూనిన ప్రవక్త ప్రజలపక్షమున నిలిచెనా, ప్రజలకు ఎదురు నిలిచెనా?

(2)

మొదట గ్రంథకథను పరిశీలింతము. కరవు ప్రకటించిన వెంటనే ఏలీయా కెరీతు వాగు చెంత దాగును. కాకోలములు ఆతనికి ఆహారము తెచ్చును. కొంతకాలమునకు వాగెండును. వాన లేకుండుటచే అది యెండెనని కథకుడు స్పష్టముగా చెప్పుచున్నాడు. అనగా ప్రవక్త పలికిన శాపము ప్రవక్తకే తగిలినది. అటుపిమ్మట ఆతడు సీదోను దేశపు సారెపతునందలి ఒక విధవరాలి యింట తలదాచుకొనును. సీదోను యెజెబెలు రాణి పుట్టినదేశము. శత్రుదేశమున, అన్యమతస్థురాలగు బీదరాలి చేతి పిండి, నూనెలే ఇశ్రాయేలు ప్రవక్తకు ప్రాణాధారములైనవి. ఆమెయు, ఆమె కుమారుడును ఆకలిచే చావ సిద్ధపడియుండుటకు కారణము ఆ కరవే. ఈ విషయమును కథకుడు వ్యాఖ్యానింపడు. పక్కపక్కన ఉంచి ఊరకుండును.

తరువాతిది కర్మెలు ఘట్టము. పండ్రెండు రాళ్ల బలిపీఠము, నాలుగు తొట్ల నీరు ముమ్మారు పోయుట, అగ్ని దిగివచ్చుట, ప్రజల జయధ్వానము, ఆపై వధ. పిమ్మట సముద్రమునుండి మనుష్యుని చేయియంత మేఘము లేచి వాన కురియును. కథ ఇచ్చట ముగిసియుండినచో ఏలీయా విజయగాథ సంపూర్ణమైయుండెడిది. కాని 19వ అధ్యాయము ఈ విజయమును తలక్రిందులు చేయుచున్నది. యెజెబెలు పంపిన ఒక్క బెదిరింపు వార్తకు ప్రవక్త పారిపోయి, ఎడారిలో ఒక చెట్టుక్రింద కూర్చుండి చావు కోరుకొనును. దేవదూత పెట్టిన ఆహారము తిని, నలువది పగళ్లు నలువది రాత్రులు నడచి హోరేబు చేరును.

హోరేబు సంభాషణము మిక్కిలి జాగ్రత్తతో చదువదగినది. ఇచ్చట నీకేమి పని యని దేవుడు రెండుమారులు అడుగును. ఈ రెండు ప్రశ్నల నడుమ గాలి, భూకంపము, అగ్ని, అటుపిమ్మట ఒక సూక్ష్మనాదము గడచినవి. అయినను ఏలీయా చెప్పిన రెండవ ప్రత్యుత్తరము మొదటిదానినుండి ఇంచుకంతయు మారలేదు. తాను దేవునికొరకు రోషము పూనితిననియు, ఇశ్రాయేలీయులు నిబంధనను విడిచిరనియు, తానొక్కడే మిగిలితిననియు ఆతని వాదము. ఇందలి చివరి మాట సత్యము కాదని పాఠకునకు ముందే తెలియును. నూరుగురు ప్రవక్తలను గుహలలో దాచి పోషించితినని ఓబద్యా ఏలీయాతోనే స్వయముగా చెప్పియున్నాడు. దేవుడును ఆ వాదమును అంగీకరింపడు. బయలునకు మ్రొక్కనివారు ఏడువేలమంది ఉన్నారని తెలిపి, ఎలీషాను ఏలీయాకు మారుగా అభిషేకింపుమని ఆజ్ఞాపించును.

ఇచ్చట మన తెలుగు బైబిలును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. కర్మెలుపై దిగినదియు, హోరేబున గడచినదియు హెబ్రీ మూలమున ఒకే పదము. దానికి నిప్పు అని యర్థము. వాడుకలోనున్న తెలుగు అనువాదమున మొదటిచోట ‘అగ్ని’ అనియు, రెండవచోట ‘మెరుపు’ అనియు కలదు. కొండపై గాలివాన వర్ణనమునకు మెరుపు సహజముగా తోచి అనువాదకులు ఆ మాట వాడియుందురు. కాని దీనివలన నష్టము స్వల్పము కాదు. కర్మెలుపై అగ్నిలో ప్రత్యుత్తరమిచ్చిన దేవుడే హోరేబున అగ్నిలో లేడనుట కథ యొక్క కీలకము. పదము మారుటచే ఆ ముడి తెలుగు పాఠకునకు కనబడదు. దీనికి భిన్నముగా ‘రోషము’ అను మాట ఎన్నిక మిక్కిలి మెచ్చదగినది. హెబ్రీ పదమునకు ఈర్ష్య, ఆగ్రహము, భక్త్యావేశము అను అర్థచ్ఛాయలు కలవు. సంస్కృతమున కోపవాచకమైన రోషశబ్దము తెలుగున అభిమానమును, పౌరుషమును కూడ తెలుపును. కోపమును ఆత్మాభిమానమును విడదీయరాకుండుటయే ఏలీయా స్వభావము.

సూక్ష్మనాదమునుబట్టి ఈ అధ్యాయము సౌమ్యత్వబోధ యని కొందరు చెప్పుదురు. అది తొందరపాటు. ఆ నాదము గడచిన పిమ్మట వచ్చిన ఆజ్ఞలో హజాయేలు, యెహూల ఖడ్గములు కూడ ఉన్నవి. కావున గ్రంథము రోషమును త్రోసివేయుచున్నదనుట సాధ్యము కాదు. ఆ రోషమున ప్రవక్త ప్రజలపై మోపిన అభియోగమును మాత్రము అంగీకరించుట లేదు. ఈ భేదము ముఖ్యము. ఏలయన 21వ అధ్యాయమున ఆ రోషమే ఒక సామాన్యుని పక్షమున రాజును నిలదీసినది. పిత్రార్జితమగు ద్రాక్షతోటను అమ్మనన్న నాబోతును అబద్ధసాక్ష్యముతో చంపించి, ఆ తోటను స్వాధీనము చేసికొనబోయిన అహాబునకు ఏలీయా ఎదురుపడెను. రాజు పశ్చాత్తాపపడగా శిక్షను వెనుకకు జరుపుటను దేవుడు ఏలీయాకే తెలియజేయును. గాథలలోని దీనబాంధవునకు బీజము ఇచ్చట లేదనగలమా?

(3)

ఈ ప్రశ్నకు మొదటి సమాధానము మలాకీ గ్రంథాంతమున లభించును. భయంకరమగు దినము రాకముందు ఏలీయా మరల వచ్చి తండ్రుల హృదయములను బిడ్డలవైపును, బిడ్డల హృదయములను తండ్రులవైపును త్రిప్పునని అందు చెప్పబడినది. అభియోగము తెచ్చినవానికే సంధికార్యము అప్పగింపబడినది. క్రీస్తుపూర్వము 2వ శతాబ్దారంభమునకు చెందిన బెన్ సీరా గ్రంథము 48వ అధ్యాయమున ఏలీయాను అగ్నివంటివానిగా కీర్తించుచు, ఈ సంధికార్యమును కూడ చేర్చి చెప్పినది. రెండు ఏలీయాలును ఒకే స్తుతిలో చేరుట అప్పటికే జరిగిపోయినది.

రబ్బీల వాఙ్మయమున విచారణ మరింత నిశితమైనది. నిర్గమకాండ వ్యాఖ్యయగు మెఖిల్తాలో ప్రవక్తలు మూడు విధములని ఒక విభాగము కలదు. తండ్రి గౌరవమును, బిడ్డ గౌరవమును రెంటిని కోరినవాడు యిర్మీయా. తండ్రి గౌరవమును కోరి బిడ్డ గౌరవమును కోరనివాడు ఏలీయా. బిడ్డ గౌరవమును కోరి తండ్రి గౌరవమును కోరనివాడు యోనా. తండ్రి దేవుడు, బిడ్డ ఇశ్రాయేలు. ఎలీషాను మారుగా అభిషేకింపుమను ఆజ్ఞకు ఇదియే కారణమని ఆ వ్యాఖ్య చెప్పును. ఇంతటి మహాపురుషునిపై ఇంత సూటిగా దోషము చెప్పుటకు ఆ వ్యాఖ్యాతలు జంకలేదు.

తల్మూదునందలి సన్హెద్రిన్ భాగమున దీనిని కథగా మలచిరి. వాన తాళపుచెవి ఏలీయా చేతిలో ఉన్నది. వాగెండినను ఆతడు దానిని తిరిగి ఇయ్యలేదు. అంతట సారెపతు విధవరాలి కుమారుడు మరణించెను. ఆ బిడ్డను బ్రదికించుటకు పునరుత్థానపు తాళపుచెవి కావలసి, ఏలీయా దేవుని వేడుకొనెను. జననము, వాన, పునరుత్థానము వీని తాళపుచెవులు దూతల చేతికి ఇయ్యబడవనియు, రెండు శిష్యుని దగ్గర నుండి ఒకటి మాత్రము గురువు దగ్గర ఉండుట తగదనియు, ఇది కావలసినచో అది తెమ్మనియు ప్రత్యుత్తరము వచ్చెను. ఈ కథ కేవలము కల్పన యని త్రోసివేయుటకు ముందు గ్రంథమును మరల చూడవలెను. 17వ అధ్యాయమున తన మాటచొప్పున తప్ప వాన కురియదని ఏలీయా ప్రతిజ్ఞ చేసెను. 18వ అధ్యాయారంభమున వాన కురిపింతునని చెప్పినవాడు దేవుడు. ఈ రెండింటి నడుమ ఏమి జరిగెను? బిడ్డ చావు, విధవరాలి దుఃఖము. తాళపుచెవి కథ గ్రంథమునందలి ఆ సందులో పుట్టినది.

సుమారు 8, 9 శతాబ్దములనాటి పిర్కే ద రబ్బీ ఎలియేజరు అను గ్రంథపు 29వ అధ్యాయమున కథ ఆచారముతో కలిసినది. ఇశ్రాయేలు నిబంధనను విడిచినదని ఏలీయా చాడి చెప్పెను గనుక, నీవు కన్నులార చూడనిదే వారు సున్నతి జరుపరని దేవుడు శాసించెనట. సున్నతి నిబంధనకు గుర్తు. అందుచేతనే యూదుల ఇండ్ల సున్నతివేళ ‘ఏలీయా కుర్చీ’ అను ఆసనము నేటికిని వేయబడుచున్నది. పస్కా పండుగ రాత్రి ఆతనికై ఒక పాత్ర ద్రాక్షారసము నింపి, తలుపు తెరచి నిరీక్షించుట మరియొక ఆచారము.

రామాయణ పారాయణము జరుగుచోట ఆంజనేయునకు పీట వేయు ఆచారము మనకు పరిచితము. చిరంజీవి యొకడు కంటికి కనబడక వచ్చి కూర్చుండుననుట రెండింటికి సమానము. కాని సాదృశ్యము అంతటితో ఆగును. ఆంజనేయుడు వచ్చుట ప్రీతిచేత. స్వామికథ వినుట ఆతనికి వరము. ఏలీయా వచ్చుట తన అభియోగము తప్పని ప్రతి ఇంటను చూచుటకు. ఆ కుర్చీ సన్మానమును, దండనమును కూడ. బాహ్యాచారములను పోల్చి ఏకమూలమని నిర్ణయించు పద్ధతికి ఇది మంచి హెచ్చరిక.

ఈ నేపథ్యమున చూచినచో జానపద ఏలీయా అపరిచితుడుగా తోచడు. తల్మూదు తానీత్ భాగమున రబ్బీ బెరోకా కథ కలదు. సంతలో పరలోకార్హుడెవడని రబ్బీ యడుగగా ఏలీయా ఒక చెరసాల కాపలావానిని, ఇద్దరు విదూషకులను చూపును. కాపలావాడు బందీల మానమును కాపాడువాడు. విదూషకులు దుఃఖించువారిని నవ్వించి, తగవులాడువారిని కలుపువారు. తానొక్కడనే మిగిలితినన్నవాడు ఇపుడు ఎవరికిని తెలియని పుణ్యాత్ములను వేలుపెట్టి చూపుచున్నాడు. ఏడువేలమంది లెక్క ఆతనికి ఇప్పటికి తెలిసినది.

(4)

క్రైస్తవ గ్రంథములందును ఇదే విచారణ వేరు మార్గమున సాగినది. సమరయుల గ్రామము తమను చేర్చుకొననపుడు ఆకాశాగ్నిని పిలువగోరిన శిష్యులను యేసు గద్దించుట లూకా 9వ అధ్యాయమున కలదు. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయమున, ఏలీయా ఇశ్రాయేలునకు విరోధముగా దేవునితో వాదించెనని చెప్పి, ఏడువేలమందిని గుర్తుచేయును. మెఖిల్తా వ్యాఖ్యాతకును, పౌలునకును మతభేదమున్నను ఈ ఘట్టమున దృష్టిభేదము లేదు.

తూర్పు ఐరోపా జానపదులయందు ఏలీయా ఉరుముల అధిపతి. ఉరుము ఆతని అగ్నిరథ ధ్వని. ఆతని పండుగ జూలై 20. పాత పంచాంగము ననుసరించు చర్చీలలో నేటి లెక్కకు ఆగస్టు 2. పెరూను అను పూర్వదేవత లక్షణములు ఇచ్చట ఆతనికి సంక్రమించినవను వాదము బలమైనదే. సౌమ్యమూర్తి ఇచ్చట కానరాడు గదా, మన సిద్ధాంతమునకు ఇది బాధకము కాదా యని అడుగవచ్చును. అఫనాస్యేవు 1859లో ప్రకటించిన రష్యా పుణ్యగాథలలో ఒకటి దీనికి ప్రత్యుత్తరము. ఒక రైతు నికొలాయి పండుగను తప్పక జరుపును; ఏలీయా పండుగనాడు దున్నును. ఏలీయా కోపించి వడగండ్లతో పైరు నాశనము చేయ సంకల్పించును. నికొలాయి ముందుగా రైతునకు ఉపాయము చెప్పి, ఏలీయా ప్రయత్నమును ఒకదానివెంట ఒకటి వమ్ము చేయును. చివరకు ఏలీయాకు పెద్ద క్రొవ్వొత్తి, నికొలాయికి చిన్న క్రొవ్వొత్తి వెలిగించుటతో కథ ముగియును. యూదులగాథ ఒక్కనియందే రోషమును కరుణను ఇమిడ్చినది. రష్యాగాథ వానిని ఇద్దరికి పంచినది. ప్రజలకు ఎదురు నిలిచిన రోషము నిరాటంకముగా చెల్లుటకు రెండును ఒప్పుకొనలేదు.

కర్మెలు కొండపై 12, 13 శతాబ్దముల సంధికాలమున చేరిన క్రైస్తవ సన్న్యాసులు ఏలీయాను తమకు మూలపురుషునిగా భావించిరి. యెరూషలేము పాత్రియార్కు ఆల్బర్టు 1206, 1214 సంవత్సరముల నడుమ వారికి నియమావళి వ్రాసియిచ్చెను. ఏలీయాయే తమ సంఘస్థాపకుడను వారి వాదమును చరిత్రకారులు ప్రతిఘటింపగా వివాదము ముదిరి, 1698లో పోపు ఉభయపక్షములకు మౌనము విధించెను. 1727లో వారి వ్యయముతో రోము నగరపు సెయింట్ పీటరు దేవాలయమున స్థాపకుడను హోదాలో ఏలీయా విగ్రహము నిలిపిరి. మౌనధ్యానమే జీవితముగా గల ఈ సంఘము తన ధ్యేయవాక్యముగా హోరేబున ఏలీయా చెప్పుకొన్న రోషవచనమునే గ్రహించుట విచిత్రము. గ్రంథమున గద్దింపబడిన వాక్యము ఇచ్చట బిరుదమైనది. కావున సంప్రదాయమంతయు రోషమును విమర్శించినదని సాధారణీకరింపరాదు. సంఘముల అవసరమునుబట్టి ప్రశంసయు కలదు. విమర్శ ప్రబలినచోటులు జనుల కథలును, వ్యాఖ్యాతల కథలును.

(5)

ఖురానులో ఏలీయా ఇల్యాస్ అను పేర రెండు చోట్ల కనిపించును. 6వ సూరాలో సజ్జనుల పట్టికయందును, 37వ సూరాలో బయలు పూజను ఖండించు ప్రవక్తగాను ఆతడు స్మరింపబడినాడు. వధ, అగ్ని ఇచ్చట లేవు. జనవిశ్వాసమున మాత్రము ఇల్యాస్ చావులేని ఖిజ్రుతో జతగూడినాడు. తురకదేశమున మే 6వ తేదీన జరుగు ‘హిద్రెల్లెజ్’ వసంతోత్సవపు పేరు ఈ ఇరువురి పేరుల కలయిక. ఇది 2017లో యునెస్కో వారసత్వ పట్టికలో చేరినది. మన దేశమున ఖ్వాజా ఖిజ్రు జలాధిదేవతవలె ఆరాధింపబడుచు, ముర్షిదాబాదున గంగపై దీపనౌకల ఉత్సవము ఆయన పేర జరుగుచున్నది.

18వ సూరాలో మోషేకు ఓర్మి నేర్పు దైవసేవకుని కథ కలదు. ఆ సేవకుడే ఖిజ్రు అని సంప్రదాయము. ఏలీయాతో ప్రయాణము చేసిన రబ్బీ యెహోషువ బెన్ లేవీ కథ దీనినే పోలియుండును: ఆతిథ్యమిచ్చిన బీదవాని ఆవు చచ్చును, లోభియైన ధనికుని కూలిన గోడ నిలుచును, కారణము పిదప తెలియును. యూదుల కథయే మూలమని వెనుకటి పండితులు పెక్కురు తలచిరి. కాని ఆ కథ మనకు లభించు ప్రాచీనరూపము 11వ శతాబ్దమున ఖైరవానుకు చెందిన రబ్బీ నిస్సీము గ్రంథమున కలదు; ఖురాను 7వ శతాబ్దమునాటిది. కాలక్రమమునుబట్టి ఎరవు ఎటునుండి ఎటు పోయినదో మరల ఆలోచింపవలసియున్నది. ఎరవు తెచ్చుకొన్నను యూదులు ఆ కథను మరి యెవరికిని గాక ఏలీయాకే తొడిగిరి. ఆగక తీర్పు చెప్పినవానిని, తీర్పునకు తొందరపడకుమని చెప్పువానిగా చేయుట యాదృచ్ఛికము కాదు.

ప్రతి ఏలీయా కథయు ఈ విధముగా అన్వయించునని చెప్పుట సాహసము. గ్రీకుదేశమున కొండశిఖరములపై గల ప్రవక్త ఏలీయా గుడులకు ఒక కథ చెప్పుదురు: సముద్రముపై విసిగిన నావికుడు తెడ్డు భుజమున పెట్టుకొని, దానిని ఎరుగని జనులున్నచోట ఆగెనట. ఒడిస్సీ కావ్యమున ఇట్టి వృత్తాంతమే కలదు. దీనికి రాజుల గ్రంథముతో సంబంధము చూప యత్నించుట వృథా. పరిశోధకుడు ఇట్టి కథలను వేరుచేసి ఉంచవలెను.

మిగిలిన కథల విషయమున మాత్రము అనుసరింపవలసిన క్రమము స్పష్టము. పాఠభేదములను సేకరించి, వర్గీకరించి, దేశకాలములను నిర్ణయించుట మొదటి పని. గాథ మూలగ్రంథపు ఏ సందునుండి మొలిచినదో, అందలి ఏ వాక్యమును ఒప్పుకొనక తిరిగి అడిగినదో చూచుట రెండవ పని. మొదటిదానితో ఆగిన పరిశోధన ప్రజలను కథలు మోయువారినిగానే చూచును. రెండవదానివరకు పోయినచో వారు గ్రంథమును విన్నవారనియు, విని తూచినవారనియు తెలియును. ఏలీయా తన ప్రజలలో ఒక్కడును మిగులలేదన్నాడు. ఆ ప్రజలు ఆతనిని విడువలేదు. ఆతని తప్పును దాచలేదు. ఆతనికి కుర్చీ వేసి, తలుపు తెరచి, లోపలికి రమ్మన్నారు. మతరోషము ఎచ్చట తలయెత్తినను దానిని తూచుటకు ఇంతకంటె నమ్మదగిన త్రాసు పండితవాదములలో దొరకుట అరుదు.